మామను కూర్చోబెట్టే హోటల్

పెళ్లయిన ఐదేళ్లకు మా మామ మాతో కలిసి భోజనం చెయ్యడానికి ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాడంటే పెద్ద మాటే. నా భార్య ఫోన్ చేసి, "ఈసారి మా పెళ్లిరోజుకి ముగ్గురం ఎక్కడైనా బయట భోంచేద్దాం నాన్నా" అంటే అవతలి నుంచి "ఊఁ" అన్నాడు. అంతే. తల్లి ముందే పోయిన పిల్ల, ఉన్న ఒక్క తండ్రి నోటి నుంచి ఆ ఊఁ కోసం ఐదేళ్లు కాచుకుంది. ఫోన్ పెట్టేసి కొంగుతో కళ్లు తుడుచుకుని, ఆ తడి ఇంకా ఆరకముందే నా వైపు తిరిగింది.

"హోటల్ మీరే చూడండి. ఆయన సగంలో లేచి వెళ్లిపోయారో, తప్పు మీదే."

మా ఇంట్లో నాకు అధికారం ఎప్పుడిచ్చినా ఇలాగే, నేరం కూడా ముందే రాసి, దానికి పిన్ను కొట్టి ఇస్తారు.

మామది గుంటూరు వైపు. చైతన్యపురిలో ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెప్పేవాడు. నాది నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. ఏడో తరగతిలో చదువూ నేనూ ఒకరినొకరు ఇబ్బంది పెట్టుకోవడం ఎందుకని మర్యాదగా విడిపోయాం. తర్వాత పట్నం వచ్చి బోర్డులు రాయడం నేర్చుకున్నాను. మామ పనిచేసే కోచింగ్ సెంటర్ గోడ మీద ఏటా ర్యాంకులు రాసింది నేనే. నిచ్చెన మీద ఉండగానే ఆయన కూతురు పరిచయమైంది. కూతుర్ని మంచి ర్యాంకరుకు ఇచ్చి చెయ్యాలని ఆయన కలగన్నాడు. ఆమె ఆ ర్యాంకులు రాసినవాణ్ణి చేసుకుంది. తేడా చిన్నదే, కానీ లెక్కల మాస్టరుకు చిన్న తేడాలు పెద్దగా కనిపిస్తాయి. మరుసటి ఏడాది నుంచి ఆ గోడ మీద ఇంకో పెయింటర్ రాస్తున్నాడు. ఆ అక్షరాలు చూస్తే పాస్ అయిన పిల్లలు కూడా ఫెయిలయినట్టే కనిపిస్తారు.

అల్మాస్‌గూడలో మా కిరాయి ఇంటికి మామ రాడు. గడ్డిఅన్నారంలో తన ఇంటికి మమ్మల్ని పిలవడు. హోటల్ అయితే ఎవరూ ఎవరి గడపా తొక్కినట్టు కాదు. అందుకే హోటల్.

అసలే అవి తెలంగాణ ఉద్యమం బాగా వేడిగా ఉన్న రోజులు. పెళ్లిరోజు చేసుకోవాలా వద్దా అన్నది మొగుడూ పెళ్లాల చేతుల్లో లేదు. ఎవరు ఏ రోజు బంద్‌కు పిలుపిస్తారో చూసుకుని, మిగిలిన రోజుల్లో మనుషులు బతికేవాళ్లు. మా శనివారానికి బంద్ లేదని, చిన్న ర్యాలీ మాత్రమే ఉందని తెలిసి నేను చాలా సంతోషించాను. ఆ ర్యాలీ బ్యానర్ రాసింది కూడా నేనే కాబట్టి నాకు ముందే తెలుసు.

ఇక హోటళ్ల వేట. మొదట దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు దగ్గర బిర్యానీ హోటల్ అన్నాను.

"నాన్న శనివారం మాంసం ముట్టరు" అంది నా భార్య.

"జరంత పెరుగు చట్నీతో ఒట్టి అన్నం తింటడు తియ్యే."

"మీ పెళ్లిరోజుకి మా నాన్న ఒట్టన్నం తినాలా?"

పెళ్లిరోజు అప్పటికే నా ఒక్కడిదైపోయింది.

తర్వాత ఎల్బీనగర్ చౌరస్తాలో ఏసీ రెస్టారెంటు చూసొచ్చాను. లోపల ఎంత చీకటిగా ఉందంటే, పక్క టేబుల్ మీది పప్పులో నేను వేలు పెట్టినా ఎవరికీ తెలియదు. మెనూ అట్ట మా పెళ్లి ఆల్బమ్ కంటే మందంగా ఉంది, అంతా ఇంగ్లీషు. ఆ సంగతి చెప్పగానే ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది.

"బాగుంటుంది. నాన్న చదివి అర్థం చెప్తారు, మీరు చేతులు కట్టుకుని వినండి. ఏడో తరగతి దగ్గర ఆగిన చదువు అక్కణ్ణుంచి మొదలవుతుంది."

దాన్నీ వదిలేశాను. కొత్తపేటలో టిఫిన్ సెంటర్ ఉంది కానీ అక్కడ నిలబడి తినాలి. ఐదేళ్లు మాతో కూర్చోనివాణ్ణి పిలిచి నిలబెట్టడం బాగుండదు. ఆ వారం కచ్చితంగా తెరిచి ఉండే చోటు ఒక్కటే కనిపించింది. నడిరోడ్డు. వంటా వార్పు అని ఉద్యమంవాళ్లు రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అందరినీ కూర్చోబెట్టి పెడుతున్నారు. పప్పన్నం బ్రహ్మాండంగా ఉండేది, నేను రెండుసార్లు తిన్నాను. ఆ మాట ఎత్తితే ఆమె చూసిన చూపుకు మూడోసారి తినే ఆశ పోయింది.

"మీరు దేనికి తప్పించుకుంటున్నారో నాకు తెలీదనుకోకండి" అంది. "నాన్నకి ఇష్టమైంది ఆ చైతన్యపురి మెస్సే."

తప్పించుకుంటున్న మాట నిజమే. అరిటాకు వేసి, కందిపొడీ గోంగూరా వడ్డించి, అడక్కుండానే నెయ్యి పోసే ఆ మెస్సు మామకు ప్రాణం. బోర్డు మీద 'అసలైన ఆంధ్ర భోజనం' అని ఉండేది. ఉండేది అని ఎందుకంటున్నానంటే, నెల కిందట ఆ మధ్య మాట కొట్టేసింది నేను.

ఆ రోజుల్లో పెయింటర్లకు చేతినిండా పని. పొద్దున గోడల మీద జై తెలంగాణ అని రాసేవాళ్లం. మధ్యాహ్నం హోటళ్ల బోర్డుల మీద ఆంధ్ర అన్న మాట కొట్టేసేవాళ్లం. ఒక ఉద్యమానికి రెండు షిఫ్టుల్లో పనిచేశాం. నిజానికి రాళ్లు పడింది ఎక్కడో ఒకటీ అరా చోట్ల. భయం మాత్రం ప్రతి షట్టరు మీదా పడింది. మెస్సు ఓనర్ భీమవరం మనిషి. నన్ను పిలిచి గొంతు తగ్గించి, "ఎనామిల్ వద్దండీ. ఒట్టి సున్నం కొట్టండి, బంక కలపొద్దు. గొడవలు సద్దుమణిగాక తడిగుడ్డ పెట్టి తుడిచేసుకుంటాను" అన్నాడు. రాష్ట్రం భవిష్యత్తు మీద అంత స్పష్టమైన అభిప్రాయం నేను ఇంకెవరి దగ్గరా వినలేదు. కొట్టేశాను. బోర్డు 'అసలైన', ఓ తెల్లటి ఖాళీ, 'భోజనం'గా మిగిలింది. ఆ ఖాళీలో ఏముందో దిల్‌సుఖ్‌నగర్ మొత్తానికీ తెలుసు.

"ఆ సున్నం మీరు కొట్టారని నాన్నకి తెలిస్తే ఇంకో ఐదేళ్లు" అంది నా భార్య. "నోరు మూసుకుని తినండి. మీకది కష్టమే, కానీ ప్రయత్నించండి."

శనివారం మధ్యాహ్నం మేము వెళ్లేసరికి మామ మెస్సు ముందు నిలబడి తల పైకెత్తి బోర్డునే చూస్తున్నాడు. కూతుర్ని చూసి కళ్లతో నవ్వాడు. నన్ను చూసి ఆ నవ్వు జాగ్రత్తగా మడిచి లోపల పెట్టుకున్నాడు.

"మధ్యలో ఆ ఖాళీ ఏవిటి?" అన్నాడు. "ఏ అప్రాచ్యుడు చేశాడీ పని?"

నేను ఆకాశం వైపు చూశాను. మబ్బు పట్టి ఉంది.

"ఎవడో లెండి నాన్నా" అంది నా భార్య, నన్ను మోచేత్తో లోపలికి తోస్తూ. "పదండి, ఆకలేస్తోంది."

ఆ మెస్సులో కుర్చీ దొరకడమంటే అసెంబ్లీలో దొరికినట్టే. తినేవాళ్ల వెనక కుర్చీ పట్టుకుని తర్వాతి బ్యాచ్ నిలబడి ఉంటుంది. మనం చారు దగ్గరికి రాగానే వెనకవాడి ఊపిరి మెడకు తగులుతుంది. మనిషి లేచీ లేవగానే ఆకు మాయం, టేబుల్ మీద తడిగుడ్డ. అలా నిలబడి నిలబడి మూడు కుర్చీలు సంపాదించాం. నా భార్య మధ్యలో, మేం చెరోవైపు.

పప్పు వచ్చింది. మామ మాట్లాడలేదు. గోంగూర వచ్చింది, మాట్లాడలేదు. కందిపొడిలో నెయ్యి పోశాక ఒక ముద్ద తిని, కళ్లు మూసుకుని తెరిచి, నా ఆకు వైపు చూశాడు.

"గోంగూర తినవేం?"

ఐదేళ్లలో ఆయన నాతో నేరుగా అన్న మొదటి మాట అది. నా భార్య తినడం ఆపి అన్నంలోకే చూస్తూ ఉండిపోయింది.

"తింటున్న మామా" అని అక్కడున్న గోంగూరంతా ఒక్క ముద్ద చేసి నోట్లో పెట్టుకున్నాను. కారం నసాళానికి అంటింది. కళ్లలో నీళ్లు. మామ అది అభిమానం అనుకున్నట్టున్నాడు, కాస్త మెత్తబడ్డాడు.

సరిగ్గా అప్పుడే బయట వాన దంచడం మొదలైంది. రెండు నిమిషాలకు ఓనర్ షట్టరు సగం దించి, బల్లల మధ్య నుంచి పరుగెత్తుకొచ్చాడు. చుట్టూ అంత మంది ఉంటే తిన్నగా మా బల్ల దగ్గరికే వచ్చాడు.

"పెయింటర్ గారూ, దేవుడిలా దొరికారు! మీ సున్నం మొత్తం కారిపోయిందండీ! ఆంధ్ర బయటపడిపోయింది! ర్యాలీ మలుపు తిరిగేసిందంట!"

గోంగూర ముద్ద నోట్లో ఉండగా మనిషి చచ్చిపోవచ్చేమో, ఆ క్షణం నాకు తెలిసింది. మామ చెయ్యి ఆకు మీదే ఆగిపోయింది.

"మీ సున్నమా?" అన్నాడు మెల్లిగా.

"నాన్నా..." అంది నా భార్య.

"నువ్వాగమ్మా. ఏవయ్యా, ఆ మాట మీద అంత కోపమా నీకు?"

"కోపమెందుకు మామా? మా రాష్ట్రం మాకు గావాలె, గంతే. గా మాట గీయన కొట్టెయ్యమంటే కొట్టేసిన."

"మరి సున్నం ఎందుకు కొట్టావు? ఎనామిల్ లేదా?"

నేను ఓనర్ వైపు చూశాను. ఓనర్ ఫ్యాన్ వైపు చూశాడు.

"సున్నమే కొట్టమన్నడు. మల్ల కడుక్కుంటడంట."

"చెరిపితే పూర్తిగా చెరపాలి, లేకపోతే మొత్తం ఉంచాలి" అన్నాడు మామ, ఇద్దర్నీ ఒకే బెంచీ మీద నిలబెట్టిన గొంతుతో. "ఇద్దరూ ఇద్దరే. సిగ్గుండాలి." అని లేచాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మామ విస్తరి ముందు నుంచి ఒకసారి లేస్తే మళ్లీ కూర్చునే మనిషి కాదు. సగంలో లేస్తే ఆ పూటకు భోజనం అయిపోయినట్టే, అది వాళ్ల ఇంటి పద్ధతి. ఆ సంగతి తెలిసిన నా భార్య మొహం తెల్లబోయింది. ఇంక చేసేదేముంది, వెళ్లే మనిషిని ఆపలేను, పగిలే అద్దాలనైనా ఆపుదామని నేనూ లేచాను. ఓనర్ ఇచ్చిన ఇనప స్టూలు పట్టుకుని షట్టరు కింద నుంచి వంగి బయటికొచ్చాను.

బోర్డు మీద వాన నా పనంతా కడిగేసి, ఆంధ్రను కొత్తగా రాసినట్టు మెరిపిస్తోంది. డప్పులు దగ్గరపడుతున్నాయి. స్టూలు ఎక్కాను. అది మూడు కాళ్ల మీద నిలబడి నాలుగో కాలు గాల్లో పెట్టింది. చేతిలో రంగు లేదు, సున్నం లేదు. ఏం పెట్టి కప్పాలో తెలియక నిలబడ్డాను. ఇంతలో స్టూలు ఊగడం ఆగింది.

కిందికి చూస్తే మామ. ఎంగిలి కుడిచెయ్యి దూరంగా పెట్టి, ఎడమ చేత్తో స్టూలు కాలు పట్టుకున్నాడు. కండువా ఉన్న భుజం నాకు అందేలా ఇటు వంచి, "తీసుకో" అన్నాడు.

"మామా, ఇది..."

"ప్రశ్నలెయ్యకు. లోపల మా పిల్ల ఉంది. ఒక రాయి తగిలిందంటే ఊరుకోను."

వానలో చెయ్యి కడుక్కుని, జరీ అంచు కండువా బోర్డు మధ్యలో పరిచాను. వెనకాల ఇనప చట్రానికి కొసలు ముడేస్తుండగా ర్యాలీ వచ్చేసింది. ముందు నడుస్తున్నవాళ్లు నన్ను గుర్తుపట్టారు.

"ఏందన్నా, గీ వానల ఏం పని?"

"బోర్డు తడుస్తున్నది తమ్మీ, కప్పుతున్న!"

"జై తెలంగాణ అన్నా!"

"జై తెలంగాణ!" అని ఉత్సాహంగా చెయ్యెత్తాను. స్టూలు ఒరిగింది.

"నినాదాలు తర్వాత" అని కింద నుంచి మామ పళ్లు కొరికాడు. "ముందు ముడి వెయ్యి."

ర్యాలీ తడుస్తూ, డప్పు కొట్టుకుంటూ ఎల్బీనగర్ వైపు వెళ్లిపోయింది. ఎవరూ రాయి వెయ్యలేదు. సగం మంది లోపలి గోంగూర వాసనకు తలలు తిప్పి చూశారంతే. నేను దిగాను. మామ బోర్డు వైపూ రోడ్డు వైపూ చూశాడు. ఇంటికి వెళ్లే ఆటో కోసం చూస్తున్నాడనుకున్నాను. లోపలి నుంచి నా భార్య కేకలు వినిపించాయి. ఇద్దరం వంగి షట్టరు కింద నుంచి దూరాం.

ఆమె మా రెండు కుర్చీల మీదికీ చేతులు చాచి, మా ఇద్దరి ఆకులనూ చెరో అరచేత్తో నొక్కి పట్టుకుని కూర్చుంది. ముంజేతుల దాకా పప్పు. ఒకవైపు తడిగుడ్డతో వడ్డించే ఆయన. ఇంకోవైపు నా కుర్చీ మీద అప్పటికే సగం కూర్చున్న ఒక లావాటి మనిషి.

"వాళ్లు లేవలేదని చెప్తున్నానా! మీరు లేవండి!" అంటోంది ఆయన్ను. మమ్మల్ని చూసి గొంతు మార్చలేదు. "రండి నాన్నా, కూర్చోండి. మీరు భోజనం మధ్యలో లేవలేదు. బోర్డు చూసొచ్చారు, అంతే."

మామ నిలబడ్డాడు. తడిసిన చొక్కా, వాన సగమే కడిగిన ఎంగిలి కుడిచెయ్యి. ఆమె ఆకు మీది చెయ్యి తియ్యలేదు.

"అంతే" అన్నాడు మామ, ఎవరికో లెక్క అప్పజెప్పినట్టు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అప్పుడు తీసింది ఆమె చెయ్యి, వేళ్లు ఒక్కొక్కటిగా.

"మీరేంటి అలా చూస్తున్నారు?" అంది నాతో. "చారు పోయించుకోండి."