కత్తెర మావయ్య కుర్చీ

కత్తెర మావయ్య బతుకంతా కుర్చీ వెనకే గడిచింది. ముందు కూర్చునేవాళ్ళు మారారు, జుట్టు ఫ్యాషన్లు మారాయి, ఆయన నిలబడే చోటు మాత్రం మారలేదు. సెలూన్ ఖాళీగా ఉన్నా ఆ కుర్చీలో కూర్చునేవాడు కాదు, గోడవార బల్ల మీద చతికిలబడేవాడు. "అది వచ్చేవాళ్ళది" అనేవాడు. ఒక్క కూతురికే మినహాయింపు. ఎలా కత్తిరించమంటారని అడిగితే కొందరు హీరో ఫొటో చూపించేవారు, కొందరు వెనక తగ్గించు, పక్కన ఉంచు అని పాఠం చెప్పేవారు. "నీ ఇష్టం" అని కళ్ళు మూసుకునేవాళ్ళంటే మాత్రం ఆయనకు ప్రాణం. ఆ మాట విన్న రోజు ఈల వేసుకుంటూ ఇంటికెళ్ళేవాడు.

మోకాళ్ళు మొరాయించాక సెలూన్ మూసేశాడు. కుర్చీని పాతసామాన్లవాడికి ఇచ్చేద్దామనుకుంటుంటే కూతురు అడ్డం పడింది. ఆమె కొత్తగా ఫ్లాట్ కొనుక్కుంది. తెల్ల గోడలు, అద్దాల తలుపులు, అడుగేస్తే జారే నేల. ఒక్క గీతైనా లేని ఆ ఇల్లు ఆమెకు హోటల్ గదిలా అనిపించిందట. అందుకని పాత వస్తువులు ఏరి తెచ్చి సర్దుతోంది. సెలూన్ అద్దం అప్పటికే గోడకెక్కింది. నీళ్ళు చిమ్మే ఇత్తడి సీసాలో పూలు వచ్చి కూర్చున్నాయి. ఇనప కుర్చీ లిఫ్టులో పట్టక అల్లుడే ఇద్దరు కూలీలతో మెట్ల మీదుగా మోసుకొచ్చాడు. అతని నడుం చాలా రోజులు ఆ సంగతి గుర్తు చేసింది. చిరిగిన సీటుకు కూతురు కొత్త తోలు వేయించింది గానీ, కుర్చీ చేతుల మీద రంగు పోయిన చోట్లు ఎవర్నీ ముట్టనివ్వలేదు.

కుర్చీని తిన్నగా హాల్లో, అద్దానికి ఎదురుగా పెట్టించింది. ఇల్లు చూడ్డానికి వచ్చి అక్కడే ఉన్న మావయ్య కంగారుపడ్డాడు.

"తల్లీ, రేపు మీ మేనేజరుగారు వస్తారన్నావుగా. దాన్ని బాల్కనీలో పెట్టి దుప్పటి కప్పేయ్."

"ఎందుకు నాన్నా?"

"ఇదేంటని అడిగితే? మా నాన్న గడ్డాలు గీసేవాడని చెప్తావా? ఆఫీసులో నీ పరువేం కాను?"

"నేను చెప్పుకుంటాలే."

ఆయనకు నమ్మకం కుదరలేదు. పిల్లకు ప్రమోషన్ వచ్చే వేళ తన కుర్చీ అడ్డొస్తుందేమోనని బెంగ. పిచ్చి మనిషి!

మర్నాడు మేనేజరు వచ్చాడు. నున్నటి బట్టతల ఆయనది. కుర్చీ చూసి ముచ్చటపడ్డాడు. కూతురు వంటగదిలోంచి కాఫీలు తెచ్చేలోగా మావయ్య గబగబా అందుకున్నాడు.

"పళ్ళ డాక్టరు కుర్చీ అండీ. పాతది. ఎక్కడో దొరికింది."

"కూర్చోవచ్చా?"

"అయ్యో, కూర్చోండి!"

ఆయన కూర్చున్నాడు. అంతే, బుర్ర వద్దంటున్నా మావయ్య ఒళ్ళు వినలేదు. కాలు పెడల్ తొక్కింది, కుర్చీ పైకి లేచింది. చేతులు తలదిండు సరిచేశాయి. భుజం మీది తువ్వాలు ఫట్‌మని దులిపి మేనేజరు మెడ చుట్టూ కప్పి, "ఎలా కత్తిరించమంటారు?" అనేశాడు.

మేనేజరు అద్దంలో తన నున్నటి తల చూసుకుని పగలబడి నవ్వాడు. "ఉంటే కదండీ! అయినా పళ్ళ డాక్టర్లు కూడా ఇలాగే అడుగుతారా?"

మావయ్య మొహం పాలిపోయింది. ట్రేతో వచ్చిన కూతురు నవ్వలేదు.

"ఇదే సార్, నేను చెప్పిన కుర్చీ. చేతుల మీద అడ్డంగా చెక్క వేసి నాన్న నన్ను కూర్చోబెట్టేవాడు. బడి అయ్యాక నా చదువంతా దీని మీదే. ఈ రంగు పోయింది నా చెక్క రాపిడికే."

"ఆయనకు ముందే తెలుసా?" మావయ్య కూతురి వైపు తిరిగాడు.

"ఆఫీసులో అందరికీ తెలుసు నాన్నా. నేను దాచిందెప్పుడు?"

మేనేజరు లేచి, మీరు కూర్చోండి అన్నాడు. మావయ్య వెనక్కి తగ్గాడు.

"వద్దండీ, అది వచ్చేవాళ్ళది."

"మా ఇంటికి నువ్వూ వచ్చినవాడివే కదా నాన్నా," అంది కూతురు.

మావయ్య బెరుకు బెరుగ్గా కూర్చున్నాడు. ఇన్నేళ్ళూ ఆ అద్దంలో తన మొహాన్ని ఎవరో ఒకరి తల పైనే చూసుకున్నాడు. ఇప్పుడు ముందర తనే ఉన్నాడు. తను నిలబడే చోట కూతురు నిలబడి ఉంది. ఇంతటి పిల్లను ఇచ్చినందుకు ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియక ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి.

కూతురు తువ్వాలు అందుకుని ఫట్‌మని దులిపి ఆయన మెడ చుట్టూ కప్పింది.

"ఎలా కత్తిరించమంటారు సార్?"

"నీ ఇష్టం తల్లీ," అని మావయ్య కళ్ళు మూసుకున్నాడు.