గోడకు అవతలి స్నానాలగది

నగరిలో మా మగ్గాల గది వీధి మట్టానికి ఐదడుగుల కింద ఉంటుంది. చప్పుడు బయటికి పోకూడదని మా మామగారు అట్లా కట్టించారు. పోయినేడు వానలు తగ్గాక ఆ గదిలో తూర్పు గోడ చెమర్చింది. మొదట అరచేతంత మచ్చ. నెల తిరిగేసరికి గోడ వారన నీళ్లు నిలిచి, కింద పెట్టిన నూలు బూజు పట్టింది.

గోడకు అవతల పక్కింటివాళ్లు కొత్తగా కట్టుకున్న స్నానాలగది. నాకిక వేరే ఆలోచనే రాలేదు. పొద్దున్నే వాళ్ల చెంబు చప్పుడు వినబడితే చాలు, మెట్లు దిగి గోడ మీద చెయ్యి పెట్టి చూసేదాన్ని. పక్కింటామె మురుకులు తెచ్చిస్తే, తప్పు కప్పిపుచ్చుకోవడానికే తెచ్చిందని ఒక్కటీ ముట్టలేదు.

పుత్తూరు నుంచి మేస్త్రీని పిలిపించాం.

"లోపల మందు పూస్తే నాలుగు నెలల్లో పెచ్చులూడిపోతాదమ్మా. ముందు నీళ్లు యాడ్నుంచి వస్తా ఉండాయో సూడాల," అన్నాడాయన.

పక్కింటి స్నానాలగది కట్టింది కూడా ఆయనేనని తెలిశాక ఆ మాటా నమ్మబుద్ధి కాలేదు.

మా ఇంట్లో నూలుకు అద్దే రంగులున్నాయి. వాళ్ల తూములో ఎర్రరంగు పోసి, అది మా గోడ మీద దిగుతుందేమో చూస్తానని నేనే వెళ్లి అడిగాను.

"పోసుకో వదినా. మీ జాలారిలో కూడా ఇంకో రంగు పొయ్యాల మరి," అందామె.

జాలారంటే మేము గిన్నెలు తోముకునే చోటు. అది ఇంటికి ఆ మూలనుంది, దానికీ గోడకూ ఏం సంబంధమని ఒళ్లు మండింది. ఎరుపు గుప్పెడు కలిపి వాళ్ల తూములో పోశాను. మా జాలారికి మాత్రం నీలం చిటికెడే తీశాను.

"రెండూ సమానంగా ఎయ్యమ్మా," అన్నాడు మేస్త్రీ, నా చేతివైపే చూస్తూ.

మూడోరోజు మధ్యాహ్నం గోడ మీద సన్నగా నీలం చార దిగింది. గబుక్కున కొంగుతో తుడిచేశాను. తుడిచిన చోటే మళ్లీ దిగింది. వెనకాల మెట్ల మీద మా ఆయన నిలబడి చూస్తున్నాడు.

తవ్వితే జాలారి కింద పాత మట్టిగొట్టం పగిలి ఉంది. నీళ్లు పునాది వెంబడే పారి తూర్పు గోడకు చేరుతున్నాయి. కొత్త గొట్టం వేశారు. గోడకూ వాళ్ల స్నానాలగదికీ నడుమ సందులో మట్టి తీసి, గోడ బయటివైపు నీరు పట్టని మందు కలిపిన సిమెంటు రెండు పూతలు పూశారు. అడుగున కంకర పరిచి, ఊటనీళ్లు ఒక గుంతలోకి దిగేటట్టు చేసి, వాటిని తోడిపొయ్యడానికి మోటారు పెట్టారు. నెలకు గోడ ఆరింది.

పని మొదలైన రోజే పక్కింటికి వెళ్లాను. "నీలమే వచ్చింది వదినా," అన్నాను, గడప బయటే నిలబడి.

"తెలుసు. మీ ఆయన నిన్ననే చెప్పినాడు," అందామె. "నువ్వు వచ్చి చెప్తావో, చెప్పవో అని సూస్తా ఉండా."