కొత్త టెంట్లకు మూడు తడుపులు

స్కీవే ఊరి స్కౌట్ దళం సామాను గదంటే బోడిల్ క్రోగ్ రాజ్యమే. ఉత్తరాలు పంచే ఉద్యోగం నుంచి రిటైరైనా ఈ పని మాత్రం వదల్లేదు మహాతల్లి. శిబిరం నుంచి ఎవరైనా తడి టెంటు మడిచి తెచ్చారా, ఇక వాళ్ళ పని అయినట్టే. మళ్ళీ విప్పించి, అంచులతో సహా ఆరేదాకా ఇంటికి పోనిచ్చేది కాదు.

ఈ వేసవికి ఎనిమిది కొత్త టెంట్లు ఆవిడే ఎంచింది. దళసరి నూలువి. అందరూ నైలాన్ అన్నారు. "దాంట్లో ఊపిరి చెమ్మ పట్టి లోపలే వాన కురుస్తుంది" అని మొండికేసింది. తీరా అవి రాగానే దళం అధ్యక్షుడు టోర్కిల్ ఒకటి వేయించి, గొట్టంతో నీళ్ళు కొట్టించాడు. కుట్లన్నీ కారాయి! శిబిరానికి ఇంకా పది రోజులే.

"అన్నీ తిప్పి పంపేస్తున్నా బోడిల్. నలభై మంది పిల్లలు తడిస్తే వాళ్ళ అమ్మానాన్నలు నన్ను నమిలేస్తారు."

"కొత్త నూలుకి దాహంరా! తాగనివ్వు. తడిసి ఆరితే దారం ఉబ్బి సూది రంధ్రాలు మూసుకుంటాయి. మూడు తడుపులు చాలు. శనివారం దాకా ఆగు."

"ఆగకపోతే?"

"టెంట్ల మీద అడ్డంగా పడుకుంటా. నన్నూ కలిపి పార్సెల్ కట్టు."

చేసేదేం లేక ఆగాడు.

బంతాట మైదానంలో ఎనిమిదింటినీ వేసి, మూడుసార్లు తడిపి, మూడుసార్లు ఎండబెట్టింది. "ఏం బోడిల్, బంగాళాదుంపలు నాటావా?" అని దారినపోయేవాళ్ళు ఎకసెక్కాలాడారు. "మొలిస్తే నీకే పెడతాలే, పో!" అని గొట్టం వాళ్ళ వైపు తిప్పింది. లోపల మాత్రం భయమే. ఈసారి తప్పితే ఇక ఈ ఊళ్ళో తన మాట వినేవాడుండడు.

శనివారం టోర్కిల్‌ని లోపల కూర్చోబెట్టి, చేతిలో కాఫీ పెట్టి, పైన నీళ్ళు వదిలింది. మొదటి టెంటులో చుక్క రాలలేదు. రెండోదాంట్లోనూ రాలలేదు. ఏడోది అయ్యేసరికి అతను లేచి ప్యాంటు దులుపుకున్నాడు.

"ఒప్పుకున్నాను తల్లీ! మీరే గెలిచారు. ఇక ఇంటికి పోనివ్వండి."

"ఎనిమిదోదుంది. కూర్చో."

కూర్చున్నాడు. నిమిషం గడవకముందే అతని బట్టతల మీద టప్పున ఒక చుక్క పడింది, వెంటనే ఇంకొకటి. బోడిల్ వంగి లోపలికొచ్చి, కారుతున్న కుట్టు చూపించింది. అది పొద్దున్నే ఆవిడ కంటబడింది.

"ఇక్కడ కుట్టు గుడ్డ అంచు తప్పింది. ఎన్ని నీళ్ళు తాగించినా ఇది ఇంతే. దీన్ని తిప్పి పంపు."

టోర్కిల్ తల తుడుచుకుంటూ ఆవిడ వంక వింతగా చూశాడు.

"నేనెలాగూ వెళ్ళిపోతున్నాను కదా, మీరు ఊరుకుంటే సరిపోయేది. నాకు తెలిసేదే కాదు!"

"నీకు తెలీదు. ఇందులో పడుకునే పిల్లలకి తెలుస్తుంది."