ఉల్టా గేరు

మా పై వాటాలో ఉండే రఘువీర్ ఇరవై ఏళ్లకు పైగా బైక్ రేసులు నడిపాడు. చెన్నై, కోయంబత్తూరు ట్రాకుల మీద కప్పులూ గెలిచాడు, ఎముకలూ విరగ్గొట్టుకున్నాడు. రేసు ఉన్న రోజున ఆయన భార్య జ్యోతిర్మయి చేతిలోని ఫోన్ కింద పెట్టేది కాదు. ఈయనేమో "ఏమైతదే? ఊకె పరేషానైతవు" అని నవ్వేవాడు. ఆ ధీమా చూస్తే నాకు ఒళ్లు మండేది.

మోకాలు దెబ్బతిని రేసులు మానేశాడు గానీ అలవాటు మానలేదు. మామూలు బండికి మొదటి గేరు కిందికి తొక్కి, మిగతావి పైకి ఎత్తాలి. రేసు బండికి అదంతా ఉల్టా. మలుపులో బండి నేలకు వాలినప్పుడు గేరు లివర్ కిందికి పాదం పట్టదు, అందుకని పై గేర్లకు కిందికే తొక్కేలా పెట్టుకుంటారు. ఇంటి బండికీ ఆయన మొదటినుంచీ అలాగే పెట్టుకున్నాడు. దాన్ని ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు.

మొన్న పొద్దున నేను గేటు దగ్గర పేపరు చూస్తుంటే కుంటుతూనే పరుగున మెట్లు దిగి వచ్చాడు.

"అన్నా, ధరణి నా బండి తీస్కపోయింది. ఎగ్జామ్‌కు లేటైతదని. ఫోన్ బంద్ ఉన్నది."

ధరణి ఆయన కూతురు, యూనివర్సిటీలో ఎమ్మెస్సీ. స్నేహితురాలి మామూలు బండి మీద నేర్చుకుంది, బాగానే నడుపుతుంది.

"ఏమైతది? ఊకె పరేషానైతవు" అన్నాను, ఆయన మాట ఆయనకే అప్పజెప్పి.

"గేరు ఉల్టా అని దానికి చెప్పనే లేదన్నా! స్పీడ్ల ఉండి పై గేరుకని ఎత్తిందనుకో, కింది గేరు పడ్తది. ఎన్క చక్రం పట్టేసి బండి జారి పడ్తది."

నా నవ్వు ఆగిపోయింది. వెంటనే స్కూటర్ తీసి ఆయన్ని వెనక ఎక్కించుకున్నాను. తార్నాక చౌరస్తాలో జనం గుమిగూడి కనిపిస్తే, ఆగకముందే దూకబోయాడు. తీరా చూస్తే కొబ్బరిబోండాల బేరం. క్యాంపస్‌లోకి తిరిగాక రోడ్డు మీది ప్రతి టైరు గీత దగ్గరా స్కూటర్ ఆపించి చూశాడు.

సైన్స్ కాలేజీ ముందు బండి చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. అయినా ఆయన కదలలేదు. పరీక్ష అయ్యేదాకా దాన్ని పట్టుకునే నిలబడ్డాడు.

"నాన్నా, నువ్వు గీడేంది?" అంది ధరణి బయటికొచ్చి.

"గేరు ఉల్టా ఉన్నది బిడ్డా!"

"నాకెర్కే. చిన్నప్పుడు ముందట కూసోబెట్టుకొని తిప్పుతుంటివి గద. భయమై నీ కాలే చూస్కుంట కూసుంటుంటి."

రఘువీర్ ఫోన్ తీసి, స్పీకర్ పెట్టి, భార్యకు చేశాడు.

"జ్యోతీ, పిల్ల మంచిగున్నది" అన్నాడు. "నేను రేసుకు పోయినప్పుడల్లా నీకు గిట్లనే ఉంటుండెనా?"



"గిట్లనే ఉంటుండె" అంది జ్యోతిర్మయి. "మీరు అడుగుతరని ఎన్నడూ అనుకోలే."