నాలుగొందల పన్నెండు ఉర్దూ పుస్తకాలు

వినోద మెట్‌పల్లిలో మరమగ్గాల ఇంట పుట్టింది. పెళ్లయి ఇచ్చోడ వచ్చాక, ఊరివాళ్లు చందాలతో నడిపే చిన్న గ్రంథాలయంలో పనికి కుదిరింది. పంతొమ్మిదేళ్లుగా తాళం తీసేదీ వేసేదీ ఆమే. తెలుగు, మరాఠీ పుస్తకాల పేర్లు కంప్యూటర్లో ఎక్కించిందీ ఆమే. ఉర్దూవి మాత్రం అప్పట్లో ఒక మాస్టారు ఎక్కించి, బదిలీ మీద వెళ్లిపోయాడు.

కిందటేడు పాత కంప్యూటర్ తీసేసి కొత్తది పెట్టారు. జాబితా తెరిస్తే తెలుగు, మరాఠీ పేర్ల బదులు ఇంగ్లిషు అక్షరాలూ చుక్కలూ. ఉర్దూ పేర్ల చోట వరసగా ప్రశ్నార్థకాలు.

కంప్యూటర్ మరమ్మతు చేసే భానుప్రసాద్ వచ్చి చూశాడు.

"అక్కా, తెలుగుకు, మరాఠీకి ఫికర్ లేదు. పాత ఫాంటుల ఏ గుర్తు ఏ అక్షరమో నాకు ఎరుకే. ఏ కంప్యూటర్లనైనా కనవడే యూనికోడ్‌లకు మారుస్త. ఉర్దూదే పరేషాన్. మార్చేటప్పుడు అక్షరం తెల్వనికాడల్లా కంప్యూటర్ ప్రశ్న గుర్తు పెట్టుకుంది. దాని ఎనుక ఇంకేం లేదు. పాత డిస్కు సుత ఖరాబైంది."

కమిటీ పెద్ద రాంచందర్ తేలిగ్గా తీసుకున్నాడు. "ఉర్దూ చదివేటోళ్లు ఎవలున్నరు వినోదా? గా ఉర్దూ బీరువ ఖాళీ చెయ్యి."

"పేర్లు పోయినయి సార్, పుస్తకాలు పోలే. జర టైమియ్యుండ్రి."

రోజూ పేపర్ చదవడానికి వచ్చే శ్యాంసుందర్ రెవెన్యూలో పనిచేసి రిటైరైనవాడు. నిజాం కాలపు భూమి కాగితాలు చదవడం కోసం ఉర్దూ నేర్చుకున్నాడు. తనకూ నేర్పమని వినోద ఆయన్ని అడిగింది.

"నలభై ఆరేండ్లకు నేర్సుకుంటవా బిడ్డా?"

"అట్ట మీది పేరు సదవొస్తె సాలు సార్."

మూడు నెలలు, మధ్యాహ్నం పూట నేర్చుకుంది. అక్షరం కింద ఒక చుక్క ఉంటే బే, మూడుంటే పే. తర్వాత ఒక్కో పుస్తకం తీసి టైపు చేయసాగింది. అరవై పుస్తకాలు అయ్యాక కంప్యూటర్లో వెతికి చూస్తే కొన్ని పేర్లు దొరకలేదు. భానుప్రసాద్ ఫోన్లో విని నవ్వాడు. "ఒకపారి ఉర్దూ కీబోర్డు, ఒకపారి అరబ్బీది పెట్టినవక్కా. కొన్ని అక్షరాలు సూడనీకి ఒక్కతీర్గనే ఉంటయి, లోపల నంబర్లు వేరు." అరవయ్యీ మళ్లీ కొట్టింది. ఈసారి పుస్తకం పేరూ, రాసినవాళ్ల పేరూ కింద తెలుగు అక్షరాల్లో కూడా రాసింది.

పని సగం దాటాక అనసూర్య అనే ఆవిడ వచ్చింది. "మా తాత కైలాసం పశువుల వైద్యం చేసేటోడు. ఉర్దూల ఒక పుస్తకం రాసిండట. మా ఇంట్ల ఎవ్వలం సూడలే."

వినోద తెలుగులోనే 'కైలాసం' అని కొట్టింది. ఒకే ఒక్క పుస్తకం వచ్చింది. తీసి చేతిలో పెడితే అనసూర్య దాన్ని తిరగేసి పట్టుకుంది. వినోద సరిగ్గా తిప్పి, తాత పేరున్న చోట వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివింది. అనసూర్య చాలాసేపు ఆ అక్షరాల మీద చెయ్యి తీయలేదు.

లోపలి పేజీలు శ్యాంసుందర్ చదివి వినిపిస్తుంటే రాంచందర్ కూడా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. బీరువా మాట మళ్లీ ఎత్తలేదు. మొన్న ఉగాదికి నాలుగొందల పన్నెండూ పూర్తయ్యాయి.