దాలమ్మ మూడు కుండలు

దాలమ్మకు పాలవాడి మీద అనుమానం, చాకలి మీద అనుమానం, రాయపూర్ స్టేషన్ గడియారం మీద కూడా అనుమానమే. అన్నిటినీ మించి, రైల్వే క్వార్టర్ల వరసల మధ్య నిలబడ్డ కొళాయి మీద అనుమానం. శ్రీకాకుళం నుంచి కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ నీళ్ళు నేరుగా నోట పోసుకుని ఎరగదు. వానాకాలంలో అవి ఖారూన్ నది ఎర్రమట్టితో దిగేవి. తక్కిన రోజుల్లో మందు వాసన కొట్టేవి. మందెందుకు కలుపుతారు, ఏదో దాచడానికి కాకపోతే? అని ఆవిడ వాదన.

క్వార్టర్లలో ఎవరి తంటాలు వారివి. పక్కింటి పార్వతమ్మ బిందెలో పటిక తిప్పేది. కొందరు నీళ్ళు తేరడానికి చిల్లగింజ అరగదీసేవారు. బుకింగ్ క్లర్కు ఇంట్లో పింగాణీ జాడీ, దాని లోపల నీళ్ళు వడగట్టే తెల్లటి క్యాండిలూ ఉండేవి. దాలమ్మ వెళ్ళి అన్నీ చూసి వచ్చింది, అన్నిటికీ వంక పెట్టింది.

"పటికని సెప్పి ఉప్పుగల్లు అంటగడితే మనకేటి తెలస్తాది? ఆ కొవ్వొత్తిలోంచి నీల్లు దిగాలంటే బొక్కుండాల గదా! బొక్కుంటే పురుగు దిగదేటి?"

ఆవిడ నమ్మినవి తన మూడు కుండలే. కొయ్య చట్రంలో ఒకదాని మీద ఒకటి. కొళాయి నీళ్ళు పోసే పై కుండలో కట్టెబొగ్గు, నడిమి కుండలో ఇసుక, అడుగు కుండలో చుక్క చుక్కగా దిగిన నీళ్ళు. ఇసుక కూడా ఈ ఊరిది కాదు, నాగావళి ఇసుక. మొగుడు రామయ్య బతికున్నన్నాళ్ళూ ఏటా వేసవిలో రైలు పాసు మీద ఊరెళ్ళి, ఏట్లో దిగి, జల్లించి, సంచీకెత్తి తెచ్చేవాడు. పాతది పారబోసి కొత్తది పోసేవాడు. ఆయన పోయాక తెచ్చేవారు లేరు. కొడుకు భీమారావు లోకో షెడ్డులో ఫిట్టరు, వాడికి పనితో ఊపిరాడదు. అసలు దాలమ్మే మార్చనివ్వలేదు. ఆయన చేత్తో జల్లించిన ఆఖరి ఇసుక అది. దాన్ని పారబొయ్యమంటే మొగుణ్ణి మరోసారి పాడె ఎక్కించమన్నట్టే ఉండేది. ఆ కుండల మీద ఇంకొకరి చెయ్యి పడనిచ్చేది కాదు.

ఇంట్లో ఇంత కట్టుదిట్టంగా ఉంటే మనవరాలు బంగారమ్మకు మాటిమాటికీ విరేచనాలేమిటి? పిల్ల ఇంకా తప్పటడుగులే వేస్తోంది. కళ్ళు లోతుకు పోయాయి, ఎత్తుకుంటే బరువే తెలియడం లేదు. దాలమ్మ అనుమానం తిన్నగా కోడలు గంగాభవాని మీదికి పోయింది. బద్ధకించి దొంగచాటుగా పిల్లకు కొళాయి నీళ్ళు పట్టేస్తోంది, మరేమిటి! కొడుకు చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. విని విని భీమారావు విసిగి, పెళ్ళాంతో అనేశాడు.

"ఇంకోపాలి గుంటకి ఇలాగయిందంటే నిన్నూ దాన్నీ మీ కన్నోరింటికి బొబ్బిలి రైలెక్కించేస్తాను."

నడివేసవి ఎండలో అంత ప్రయాణం పిల్ల తట్టుకోదని గంగాభవానికి తెలుసు. నిజానికి దాలమ్మకూ తెలుసు. అయినా దొంగను పట్టాలి కదా. పార్వతమ్మ ఇంటికని చెప్పి వెళ్ళి, పెరటి దారిన తిరిగొచ్చి తలుపు చాటున నక్కింది. అనుకున్నంతా అయింది. కోడలు కొళాయి నీళ్ళు పట్టుకొచ్చి, కుంపటి మీద తెర్లించి, చల్లార్చి, పిల్లకు గ్లాసుతో తాగిస్తోంది.

"ఒరే భీమా! రారా, సూడు! పట్టేసినాను!"

డ్యూటీ దిగి కాళ్ళు కడుక్కుంటున్న భీమారావు పరిగెత్తుకొచ్చాడు. గంగాభవాని గ్లాసు దించలేదు.

"అవును, పడతన్నాను. అత్తా, నువ్వు డోంగర్‌గఢ్ అమ్మోరి కాడికి ఎల్లినప్పుడూ ఇవే పట్టినాను. నువ్వు తిరిగొచ్చేదాకా పిల్ల బాగానే ఉంది. నువ్వొచ్చి నీ కుండ నీల్లు తాగించినావు, మల్లీ మొదలైంది."

"నా కుండల్నంటావా? బిల్కుల్ సాఫ్ నీల్లవి! ఒరే, ఇలా రా, నువ్వే సూడు!"

దాలమ్మ విసురుగా పై కుండ దించి పక్కన పెట్టింది. అందరికీ చూపించడానికి నడిమి కుండలో మోచేతి దాకా చెయ్యి దూర్చింది. ఇసుక గరగరలాడలేదు. జిగటగా చేతిని పట్టుకుంది. పైకి తీస్తే నల్లటి బురద, మురుగుకాలవ కంపు. భీమారావు ముక్కు మూసుకున్నాడు.

ఎవరో ఏదో కలిపారు. దాలమ్మకు ముందు వచ్చిన ఆలోచన అదే. ఎవరా అని వెతికింది. కోడలు ముట్టదు, కొడుకు ముట్టడు, పక్కింటివాళ్ళను దరిదాపులకు రానివ్వదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. కానీ అనుమానించడానికి ఇంకెవరూ మిగలకుండా ఇన్నేళ్ళూ కాపలా కాసింది తనే. అడుగు కుండలోంచి ముంచి ముంచి పసిదాని నోట పోసిందీ తనే. ఆవిడకు తన మీద తనకు ఎన్నడూ ఇంత అసహ్యం వెయ్యలేదు, ఆయన పోయిన రోజున కూడా ఇంత భయం వెయ్యలేదు.

ఎవరి సాయమూ అడక్కుండా ఆ కుండను తనే చంకనెత్తుకుని కాలవ దగ్గర బోర్లించింది. ఇసుక గడ్డలు గడ్డలుగా జారిపోతుంటే మొగుణ్ణి తలుచుకుని ఏడ్చింది. ఖాళీ కుండను బండకేసి పగలగొట్టి ఇంట్లోకొచ్చింది.

బంగారమ్మ ఇంకా దాహమని గునుస్తోంది. దాలమ్మ అలవాటు కొద్దీ కాచిన నీళ్ళ గిన్నె వైపు చెయ్యి చాపింది. గంగాభవాని గిన్నెను తన వైపు లాక్కుంది.

"సేతులు కడుక్కో అత్తా."

దాలమ్మ కొళాయి దగ్గరికి వెళ్ళి, సబ్బు పెట్టి మోచేతుల దాకా తోముకుని వచ్చి చేతులు చాపింది. కోడలు ఆ చేతుల్ని దగ్గరికి తీసుకుని వాసన చూసింది.

"మల్లీ కడుక్కో."

దాలమ్మ మళ్ళీ కొళాయి దగ్గరికి నడిచింది.