యారాడ కొండ కింద ముసలి గుర్రాలు

1997 జూన్‌లో నన్ను విశాఖపట్నం పశువైద్యశాలకు బదిలీ చేశారు. అప్పటికి నా హోదా పశువైద్య సహాయ సర్జన్. పేరులో సహాయ అన్న మాట ఉన్నా రోగ నిర్ధారణ, అంటురోగాల కట్టడి, ధ్రువపత్రాలు అన్నీ ఆ హోదాలో ఉన్నవాడి సంతకంతోనే నడుస్తాయి. యారాడ కూడా నా పరిధిలోకే వచ్చేది.

ఆ చలికాలంలో అప్పలకొండ అనే అతను నన్ను వెతుక్కుంటూ ఆసుపత్రికి వచ్చాడు. పోర్టులో వించ్ డ్రైవరుగా, అంటే ఓడలోంచి సరుకు పైకి లాగే యంత్రం నడిపేవాడిగా పనిచేసి, ముందుగానే పదవీ విరమణ తీసుకున్నాడు. కంచరపాలెంలో ఇల్లు అద్దెకిచ్చి, భార్య నూకాలమ్మతో యారాడలో తల్లి తరఫున వచ్చిన జీడితోటలో కాపురం పెట్టాడు. నగరంలో ఆటోలు పెరిగి జట్కాలు మూలపడుతున్న రోజులవి. యజమానులు వదిలేసిన గుర్రాలు చెత్తకుప్పల దగ్గర తిరిగేవి. అప్పలకొండ అలాంటివాటిని తోలుకొచ్చి తోటలో చోటిచ్చాడు. నేను వెళ్లేసరికి అక్కడ మూడు గుర్రాలు, రెండు ముసలి ఎడ్లు, ఒక గుడ్డి గాడిద ఉన్నాయి.

అతని ఆలోచన అంతటితో ఆగలేదు. కొండవాలున నాలుగు తాటాకు పాకలు వేశాడు. సెలవు రోజుల్లో నగరం నుంచి కుటుంబాలు వచ్చి ఉంటాయి, సముద్రం చూస్తాయి, పిల్లలు జంతువుల మధ్య గడుపుతారు, వాళ్లిచ్చేదానితో మేత గడుస్తుంది. ఇదీ అతని లెక్క. అయితే జంతువుల్లో మనుషులకు సోకే జబ్బులేవీ లేవని డాక్టరు రాసివ్వాలని పంచాయతీవాళ్లు అడిగారట.

"ముసిలి గుర్రాన్ని ఎవుడూ సూడ్డు బాబూ. నా కాడికొత్తే సూత్తారు. పిల్లలు దగ్గరకొచ్చి ముట్టుకుంతారు" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని ముఖంలో ఉన్న వెలుగు నాకు ఇప్పటికీ గుర్తు.

తనిఖీలో ఎడ్లు, గాడిద బాగానే ఉన్నాయి. బాద్‌షా అనే మగ గుర్రం దగ్గర ఆగిపోయాను. దాన్ని పాతనగరంలో జట్కా తోలే రహీం కొన్ని వారాల కిందట తెచ్చి వదిలి వెళ్లాడు. దాని ఒక ముక్కులోంచి జిగురుగా పసుపు చీమిడి కారుతోంది. టార్చి వేసి చూస్తే లోపలి గోడ మీద పుండ్లు. వెనక కాలి పొడవునా తాడుకు ముళ్లు వేసినట్టు గడ్డలు. గ్లాండర్స్ అని అనుమానం వచ్చింది. గుర్రాల నుంచి మనుషులకు సోకే ప్రాణాంతకమైన జబ్బు అది. గాలి, నీటితొట్టి, గాయం, ఏ దారిలోనైనా వస్తుంది. చట్టం ప్రకారం దీనికి చికిత్స చేయకూడదు. నిర్ధారణ అయిన జంతువును చంపి, లోతుగా గొయ్యి తీసి, సున్నం వేసి పూడ్చాలి.

తోటలోకి రాకపోకలు ఆపించి, మూడు గుర్రాలకూ మాలిన్ పరీక్ష చేశాను. మాలిన్ అంటే ఆ రోగక్రిమి నుంచి తీసిన ద్రవం. కింది కనురెప్పలో కొద్దిగా ఎక్కిస్తే, జబ్బున్న గుర్రానికి రెండు రోజుల్లో ఆ కన్ను వాచి మూసుకుపోతుంది. రక్తం నమూనాలు ప్రయోగశాలకు పంపి, జిల్లా అధికారికి కబురు చేశాను.

మళ్లీ వెళ్లేసరికి బాద్‌షా కన్ను పూర్తిగా మూసుకుపోయి ఉంది. అది నేను ఊహించినదే. దాని పక్కన కట్టిన రాణి అనే ఆడ గుర్రానికీ కన్ను వాచింది. పైకి దానికి ఏ జబ్బూ లేదు. అప్పలకొండ మొదట తెచ్చుకున్నది దాన్నే. అతని అడుగుల చప్పుడు వింటే సకిలించేది. మూడోదానికి ఏమీ కాలేదు. కొన్నాళ్లకు ప్రయోగశాల ఫలితమూ అలాగే వచ్చింది.

రెండింటినీ చంపక తప్పదని అప్పలకొండకు చెప్పాను.

"మనుసుల్ని రానివ్వను బాబూ. పాకలు పీకేత్తాను. కొండమీద ఓ మూల కట్టుకుని నానొక్కడినే సూసుకుంతాను. ఈటిని వదిలీండి" అన్నాడు.

ఏళ్ల తరబడి కన్న కలలో సగాన్ని ఆ రెండు గుర్రాల కోసం నిలబడ్డచోటే వదులుకున్నాడు. అయినా కుదరదన్నాను. జబ్బు ముందు సోకేది అతనికేనని చెప్పాను.

"సోటిస్తానని పిలిసినోడిని నానే కదా. నా తోటలోనే గొయ్యి తవ్వమంతారేటి?"

అప్పటిదాకా గుమ్మంలో నిలబడి వింటున్న నూకాలమ్మ అంది: "మొన్నటిదాకా సేపలోళ్ల పిల్లలు రోజూ వచ్చి రాణి మెడ కాగిలించుకునీవోరు. నువ్వు పోతే నాను ఏడుత్తాను. ఆ పిల్లలకేటైనా అయితే ఆళ్ల అమ్మలకి ఏటి సెప్తావు?"

అతను లోపలికి వెళ్లి గునపం తెచ్చాడు.

పై అధికారి ఉత్తర్వు వచ్చాక, ఒక ఉదయం పని ముగించాం. గౌన్లు, చేతితొడుగులు, ముఖానికి మాస్కులు వేసుకున్నాం. ముందు మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, పూర్తిగా స్పృహ తప్పాక గుండె ఆగే మందు రక్తనాళంలోకి ఎక్కించాలి. రహీం వచ్చాడు. దగ్గరకు రానివ్వలేదు. కంచె బయట నిలబడి, "బేటా, నేనిక్కడే ఉన్నా" అన్నాడు. బాద్‌షా చెవి అటు తిప్పింది. రాణి నుంచి అప్పలకొండను కూడా దూరంగానే ఉంచాను. రెండూ ప్రశాంతంగా పోయాయి. గోతిలో సున్నం నేనే దగ్గరుండి వేయించాను.

ఆ దంపతులకు, చేపలవాళ్ల పిల్లలకు, రహీం ఇంటివాళ్లకు రక్తపరీక్షలు చేయించాం. ఎవరికీ సోకలేదు. మూడో గుర్రానికి మళ్లీ పరీక్ష చేస్తే జబ్బు లేదనే తేలింది. ధ్రువపత్రం ఇవ్వడానికి అప్పుడు అడ్డేమీ లేకపోయింది. కానీ కబురు నగరమంతా పాకిపోయింది, అతిథులెవరూ రాలేదు. అప్పలకొండ తోట అమ్మేస్తాడనే అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను.

వర్షాలు మొదలయ్యాక అతను మళ్లీ ఆసుపత్రికి వచ్చాడు. గాజువాక దగ్గర కాలు విరిగిన గుర్రం ఒకటి పడి ఉందట.

"తెచ్చే ముందు ఏటి సెయ్యాలో సెప్పండి బాబూ. ఈసారి అడిగే తెత్తాను."

కొత్తగా వచ్చిన జంతువును మిగతావాటికి దూరంగా, విడి తొట్టితో, విడి బకెట్టుతో ఎన్నాళ్లు ఉంచాలో, ఏ పరీక్షలు చేయించాలో చెప్పాను. అతిథుల కోసం వేసిన పాకల్లో రెండింటిని అందుకే వాడాడు. విడిది ఆలోచన మళ్లీ ఎత్తలేదు. 2006లో నేను బదిలీ మీద వెళ్లేనాటికి ఆ తోటలో పదిహేను దాకా జంతువులుండేవి.

జంతువులకు ఆశ్రయం పెడతామంటూ తరువాతి ఉద్యోగకాలంలో చాలామంది నా దగ్గరకు వచ్చారు. స్థలం ఎంత, నీళ్లున్నాయా అని నేను ముందుగా అడిగేవాడిని కాదు. కొత్తదాన్ని విడిగా ఎక్కడ ఉంచుతారు, చంపక తప్పదని డాక్టరు చెబితే ఒప్పుకుంటారా అని రెండే అడిగేవాడిని. మొదటిదానికి అందరూ ఏదో ఒక జవాబు చెప్పేవారు. రెండోదానికి చాలామంది లేచి వెళ్లిపోయేవారు. మిగిలినవాళ్లకు మాత్రమే ధ్రువపత్రం దరఖాస్తు ఇచ్చేవాడిని.